బీఏ కెమిస్ట్రీ... ల్యాబ్‌లో చోటే అసలు లాభం!

కెమిస్ట్రీ అంటే బీఎస్సీ, ఆపై ఎమ్మెస్సీ ఆర్గానిక్, ఆ తర్వాత ఫార్మా కంపెనీ. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమందికి తెలిసిన దారి ఇదే. అమెరికాలో ఇంకో దారి కూడా ఉంది. అక్కడి లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో కెమిస్ట్రీ చదివినవారికి చాలాచోట్ల బీఏ పట్టా ఇస్తారు. ఆ పట్టాతో బయల్దేరి నోబెల్ దాకా వెళ్లినవారున్నారు. అలాగని ఇంట్లోవాళ్లు అప్పు చేసి మరీ పంపించాల్సిన చదువా? అందులో ఏముంది, ఎవరికి నప్పుతుంది, ఖర్చెంత, ఉద్యోగాల మాటేంటి... వివరంగా చూద్దాం.

పేరులో ఆర్ట్స్ ఉన్నా...

మన దగ్గర ఆర్ట్స్ అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్. అందుకే లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అనగానే ‘అక్కడ సైన్స్ ఏం చెబుతారు?’ అనే సందేహం వస్తుంది. ఈ మాట యూరప్ పాత చదువుల నుంచి వచ్చింది. ఆ రోజుల్లో ఏడు లిబరల్ ఆర్ట్స్ ఉండేవి. వ్యాకరణం, తర్కం, వక్తృత్వంతో పాటు అంకగణితం, జామెట్రీ, ఖగోళశాస్త్రం, సంగీతం కూడా వాటిలో భాగమే. అంటే లెక్కలూ సైన్సూ మొదటి నుంచీ ఇందులో ఉన్నవే.

నేటి లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే ఓ చిన్న రెసిడెన్షియల్ కాలేజీ. సాధారణంగా వెయ్యి నుంచి మూడు వేల మంది విద్యార్థులుంటారు. దాదాపు అందరూ డిగ్రీ చదివేవాళ్లే. పీహెచ్‌డీ కోర్సులు ఉండటం చాలా అరుదు. మసాచుసెట్స్‌లోని విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్, పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్, హావర్‌ఫర్డ్, అయోవాలోని గ్రినెల్, మిన్నెసోటాలోని కార్ల్‌టన్, కాలిఫోర్నియాలోని పొమోనా, ఆరెగాన్‌లోని రీడ్ ఈ కోవలో పేరున్నవి.

ఇక్కడ సీటు ఫలానా బ్రాంచిలో ఇవ్వరు, కాలేజీలో ఇస్తారు. కెమిస్ట్రీయే నా మేజర్ అని రెండో ఏడాది చివరికల్లా చెబితే చాలు. మరి బీఏ అని రాసి ఉన్న పట్టాకు విలువ తక్కువా? తక్కువేం కాదు. ఆర్గానిక్, ఇనార్గానిక్, ఫిజికల్, అనలిటికల్, బయోకెమిస్ట్రీ... అన్నీ ఉంటాయి. కోర్సుల నాణ్యతను పరిశీలించి ఆమోదం ఇచ్చే పని అమెరికన్ కెమికల్ సొసైటీ చేస్తుంది. ఆమోదం ఉన్న కాలేజీలో నిర్దేశించిన కోర్సులు, ల్యాబ్ గంటలు పూర్తిచేసినవారికి ‘సర్టిఫైడ్’ డిగ్రీ వస్తుంది. పట్టా మీద బీఏ అని ఉన్నా, బీఎస్ అని ఉన్నా ఈ గుర్తింపు పొందొచ్చు.

పీహెచ్‌డీ వాళ్లు లేకపోవడమే వరం

పెద్ద పరిశోధన యూనివర్సిటీలో మొదటి సంవత్సరం కెమిస్ట్రీ క్లాసు తరచూ వందల మందితో నిండిన హాల్లో జరుగుతుంది. ల్యాబ్ సెషన్‌ను ఎక్కువగా పీహెచ్‌డీ విద్యార్థులే నడిపిస్తారు. ప్రొఫెసర్ పరిశోధన బృందంలో పోస్ట్‌డాక్‌లు, పీహెచ్‌డీ వాళ్లు ముందుంటారు. డిగ్రీ విద్యార్థి వరసలో చివర. అవకాశం రాదని కాదు, దాని కోసం వెంటపడాలి.

చిన్న కాలేజీలో ఆ వరసే లేదు. ప్రొఫెసర్‌కు పరిశోధన చేయాలని ఉంటే తోడుగా ఉండేది డిగ్రీ పిల్లలే. అందుకే రెండో ఏడాదిలోనే, కొన్నిచోట్ల మొదటి ఏడాది వేసవిలోనే పిలుపు వస్తుంది. వేసవిలో 8 నుంచి 10 వారాల పాటు ల్యాబ్‌లో పూర్తికాలం పని. చాలా కాలేజీలు దీనికి స్టైపెండ్ ఇస్తాయి. ఎన్‌ఎంఆర్, హెచ్‌పీఎల్‌సీ, జీసీ-ఎంఎస్ లాంటి పరికరాలను అద్దాల వెనక నుంచి చూసి రావడంతో సరిపోదు. శాంపిల్ తయారుచేసి, స్పెక్ట్రమ్ తీసి, పీకులు ఎందుకలా వచ్చాయో ప్రొఫెసర్ పక్కన కూర్చుని చెప్పాలి.

మన బీఎస్సీ ప్రాక్టికల్స్‌తో పోల్చి చూడండి. సాల్ట్ అనాలిసిస్, టైట్రేషన్... జవాబు ముందే తెలిసిన ప్రయోగాలు. రికార్డు నీట్‌గా రాస్తే మార్కులు పడతాయి. పరిశోధనలో జవాబు ఎవరికీ తెలియదు, ప్రొఫెసర్‌కు కూడా. రియాక్షన్ నాలుగుసార్లు ఫెయిలయ్యాక ఐదోసారి ఏం మార్చాలో ఆలోచించడమే అసలు చదువు. పీహెచ్‌డీ అడ్మిషన్ కమిటీ గానీ, ఆర్ అండ్ డీ మేనేజర్ గానీ వెతికేది ఈ అనుభవాన్నే.

ఈ నమ్మకం ఎంతవరకు వెళ్తుందో రీడ్ కాలేజీని చూస్తే అర్థమవుతుంది. అక్కడ 1968 నుంచి 250 కిలోవాట్ల పరిశోధన అణు రియాక్టర్ నడుస్తోంది. దాన్ని నడిపేవారిలో ఎక్కువమంది డిగ్రీ విద్యార్థులే. శిక్షణ పొంది, అమెరికా అణు నియంత్రణ సంస్థ పరీక్ష పాసై లైసెన్స్ తీసుకుంటారు. ఏ మేజర్ వాళ్లయినా దీనికి ప్రయత్నించొచ్చు. ఇంకో సంగతి... రీడ్‌లో చివరి ఏడాది ప్రతి విద్యార్థీ థీసిస్ రాయాలి, దాన్ని అధ్యాపకుల ముందు మౌఖికంగా సమర్థించుకోవాలి. విలియమ్స్‌లోనేమో ‘ట్యుటోరియల్’ అనే పద్ధతి ఉంది. ఇద్దరు విద్యార్థులు, ఒక ప్రొఫెసర్. ఒకరు తమ పని వినిపిస్తే రెండోవారు దాన్ని విమర్శించాలి. వెనక బెంచీలో దాక్కోవడానికి వెనక బెంచీయే ఉండదు!

నాలుగేళ్లు ఎలా సాగుతాయి?

కాలేజీని బట్టి తేడాలున్నా స్థూలంగా ఇలా ఉంటుంది.

మొదటి ఏడాది: జనరల్ కెమిస్ట్రీ, ల్యాబ్, క్యాలిక్యులస్. దాంతోపాటు రాయడం నేర్పే ఓ సెమినార్. చరిత్ర, సాహిత్యం, ఫిలాసఫీ... అంశం ఏదైనా కావచ్చు.

రెండో ఏడాది: ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లు, వారానికోసారి మూడు నాలుగు గంటల ల్యాబ్, ఫిజిక్స్. ఏడాది చివర్లో మేజర్ ప్రకటన.

మూడో ఏడాది: ఫిజికల్, అనలిటికల్, ఇనార్గానిక్. కొందరు ఒక సెమిస్టర్ వేరే దేశంలో చదువుతారు. వేసవిలో పరిశోధన లేదా ఇంటర్న్‌షిప్.

నాలుగో ఏడాది: అడ్వాన్స్‌డ్ కోర్సులు, సీనియర్ థీసిస్ లేదా ప్రాజెక్టు, డిపార్ట్‌మెంట్ ముందు సెమినార్.

అన్నేళ్లలో తీసుకునే మొత్తం కోర్సుల్లో మేజర్‌కు సంబంధించినవి సుమారు మూడో వంతు నుంచి సగం వరకు ఉంటాయి. మిగతావి వేరే విభాగాలవి. ‘కెమిస్ట్రీ వాడికి ఫ్రెంచ్ ఎందుకు, చరిత్ర ఎందుకు?’ అని అడిగేవారికి తర్వాతి కథే జవాబు.

గ్రినెల్ విద్యార్థి... పొమోనా విద్యార్థిని

థామస్ చెక్ 1970లో గ్రినెల్ కాలేజీ నుంచి కెమిస్ట్రీలో బీఏ చేశారు. అక్కడ కెమిస్ట్రీని ఎంత ఇష్టంగా చదివానో హోమర్‌నూ, డాంటేనూ, రాజ్యాంగ చరిత్రనూ అంతే ఇష్టంగా చదివానని నోబెల్ ఆత్మకథనంలో రాసుకున్నారు. కాబోయే భార్యతో పరిచయమైంది కూడా కెమిస్ట్రీ ల్యాబ్‌లో మెల్టింగ్ పాయింట్ పరికరం దగ్గరేనట! తర్వాత బర్క్‌లీలో పీహెచ్‌డీ చేశారు. ఆర్‌ఎన్‌ఏ కూడా ఎంజైమ్‌లా రసాయన చర్యలను నడిపించగలదని కనుగొన్నందుకు 1989లో సిడ్నీ ఆల్ట్‌మన్‌తో కలిసి కెమిస్ట్రీ నోబెల్ అందుకున్నారు.

జెన్నిఫర్ డౌడ్నా హవాయి దీవుల్లోని హీలో పట్టణంలో పెరిగి పొమోనా కాలేజీలో చేరారు. ఒక దశలో కెమిస్ట్రీ మానేసి ఫ్రెంచ్‌కు మారిపోదామనుకున్నారు. సైన్స్ వదలొద్దని చెప్పింది ఎవరో కాదు, ఫ్రెంచ్ టీచరే. తొలి పరిశోధన అనుభవం ఆమెకు పొమోనాలోనే, ప్రొఫెసర్ షారన్ పనసెంకో ల్యాబ్‌లో దొరికింది. 1985లో బీఏ పూర్తయ్యాక హార్వర్డ్‌లో పీహెచ్‌డీ, ఆపై కొలరాడో యూనివర్సిటీలో పోస్ట్‌డాక్. అక్కడ ఆమె చేరింది ఎవరి ల్యాబ్‌లోనో తెలుసా? థామస్ చెక్ ల్యాబ్‌లోనే. జన్యువులను కత్తిరించి సరిదిద్దే క్రిస్పర్ పద్ధతికి 2020లో ఇమాన్యుయెల్ షార్పెంటియేతో కలిసి ఆమెకూ కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

వీళ్లిద్దరి కథల్లో ఒకే విషయం కనిపిస్తుంది. విద్యార్థిని పేరుపెట్టి పిలవగల అధ్యాపకులున్నారు, ల్యాబ్‌లో చోటిచ్చినవారున్నారు. 1999లో చెక్ ఈ కాలేజీల సైన్స్ చదువు మీద ‘డెడాలస్’ పత్రికలో ఓ వ్యాసం రాశారు. అందులో ఆయన చూపిన లెక్క ప్రకారం అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ చదివేవారిలో ఈ తరహా కాలేజీల్లో ఉన్నవారు 8 శాతమే. సైన్స్ పీహెచ్‌డీ పొందినవారిలో మాత్రం 17 శాతం అక్కడి నుంచి వచ్చినవారే. ఈ అంకెను కాస్త జాగ్రత్తగా చదవాలి. ముందే బాగా చదివే పిల్లలు ఇలాంటి కాలేజీలను ఎంచుకోవడం కూడా ఓ కారణం కావచ్చు. అయినా పరిశోధన వైపు నడిపించే వాతావరణం అక్కడ ఉందని చెప్పడానికి ఇది మంచి సూచనే.

రాయడం, మాట్లాడటం... ఇవీ సరుకే

ల్యాబ్‌లో ఎంత గొప్ప ఫలితం వచ్చినా రాసి చెప్పలేకపోతే లాభం లేదు. పేపర్, పేటెంట్, రెగ్యులేటరీ ఫైలింగ్, గ్రాంట్ దరఖాస్తు... అన్నీ రాతపనులే. ఔషధానికి అనుమతి కోరుతూ సమర్పించే పత్రంలో ఒక వాక్యం రెండు అర్థాలిస్తే తిరిగి ప్రశ్నలు వస్తాయి, నెలలు గడిచిపోతాయి. నాలుగేళ్లు వారం వారం వ్యాసాలు రాసి, విమర్శలు విని, తిరగరాసిన కెమిస్ట్రీ విద్యార్థికి ఈ పని కొత్తగా అనిపించదు. హిస్టరీ, ఫిలాసఫీ క్లాసుల వల్ల ఉద్యోగపరంగా కలిగే ప్రయోజనం ఇదే.

లోటుపాట్లూ ఉన్నాయి

• చిన్న డిపార్ట్‌మెంట్ కాబట్టి ప్రొఫెసర్లు కొద్దిమందే. పాలిమర్లు, కంప్యుటేషనల్ కెమిస్ట్రీ లాంటి మీకు నచ్చిన ప్రత్యేక అంశంలో కోర్సే ఉండకపోవచ్చు. ఉన్నా రెండేళ్లకోసారి పెట్టొచ్చు.

• అత్యంత ఖరీదైన పరికరాలు పెద్ద యూనివర్సిటీల్లోనే ఎక్కువ.

• చాలా కాలేజీలు చిన్న ఊళ్లలో ఉంటాయి. మన దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలకు వచ్చినట్టు కంపెనీలు క్యాంపస్‌కు బారులు తీరవు.

• హైదరాబాద్‌లోని హెచ్‌ఆర్‌కు ఆ కాలేజీ పేరు తెలియకపోవచ్చు. పైగా పట్టా మీద బీఏ! ట్రాన్‌స్క్రిప్ట్, థీసిస్ చూపించి వివరించాల్సి వస్తుంది. ఇక్కడ పీజీకో, ప్రభుత్వ ఉద్యోగానికో ప్రయత్నిస్తే విదేశీ డిగ్రీకి సమానత్వ ధ్రువపత్రం కావాలి.

• అమెరికాలో జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధులతో నడిచే డిగ్రీ స్థాయి వేసవి పరిశోధన కార్యక్రమం ప్రధానంగా అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకే. మన విద్యార్థులు కాలేజీ సొంత నిధుల మీదే ఆధారపడాలి. ఆ నిధులు విదేశీయులకూ ఇస్తారా లేదా అన్నది చేరకముందే అడగాలి.

అసలు ప్రశ్న ఖర్చు

పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఫీజు, హాస్టల్, భోజనం అన్నీ కలిపి ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటిపోయింది. డాలర్‌కు 87 రూపాయల చొప్పున లెక్కేసినా ఏడాదికి దాదాపు 70 లక్షలు, నాలుగేళ్లకు 2.8 కోట్లు. మధ్యతరగతి కుటుంబం ఈ డబ్బు అప్పుగా తెచ్చి కెమిస్ట్రీ డిగ్రీ చదివించడం తెలివైన పని కాదు. కెమిస్ట్రీలో తొలి ఉద్యోగాల జీతాలు అంత అప్పును మోయలేవు.

మరి దారేంటి? ఈ కాలేజీల్లో కొన్నింటికి పెద్ద నిధులున్నాయి. కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం చేస్తాయి. ఆమ్‌హెర్స్ట్, బౌడిన్ కాలేజీలు విదేశీ విద్యార్థుల విషయంలోనూ ‘నీడ్ బ్లైండ్’ విధానం పాటిస్తున్నాయి. అంటే డబ్బు సాయం అడిగారన్న కారణంతో దరఖాస్తును పక్కన పెట్టరు. విలియమ్స్, స్వార్త్‌మోర్, పొమోనా లాంటివి సీటు ఇచ్చిన విదేశీ విద్యార్థికి లెక్కగట్టిన అవసరం మేరకు పూర్తి సాయం ఇస్తాయి. కానీ పోటీ తీవ్రం, సీట్లు కొద్ది. విధానాలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే ఏడాది కాలేజీ వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. అమెరికాలో కెమిస్ట్రీ పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు ఉండదు. టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌గా స్టైపెండ్ కూడా ఇస్తారు. అంటే ఖర్చంతా డిగ్రీ దగ్గరే. డిగ్రీని ఇక్కడే తక్కువ ఖర్చుతో ముగించి, పీహెచ్‌డీకి అక్కడికి వెళ్లే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. సాయం దొరికితే వెళ్లండి, దొరకకపోతే ఈ రెండో దారి పట్టండి.

చదివాక ఏ ఉద్యోగాలు?

బీఏ కెమిస్ట్రీతో నేరుగా దొరికేవి ల్యాబ్ టెక్నీషియన్, రీసెర్చ్ అసోసియేట్, క్వాలిటీ కంట్రోల్ అనలిస్ట్, పర్యావరణ పరీక్షల ల్యాబ్ ఉద్యోగాలు. పేటెంట్ సంస్థలు, సైన్స్ రచన, కన్సల్టింగ్ వైపు వెళ్లేవారూ ఉంటారు. పరిశోధన బృందానికి నాయకత్వం వహించాలంటే మాత్రం ఎక్కువచోట్ల పీహెచ్‌డీ ఉండాల్సిందే. ఎమ్మెస్సీ లేకుండా డిగ్రీ నుంచే నేరుగా పీహెచ్‌డీలో చేరడం అక్కడ మామూలు విషయం.

ఎఫ్-1 వీసా మీద చదివినవారికి డిగ్రీ తర్వాత 12 నెలలు పనిచేసే ఓపీటీ అవకాశం ఉంది. కెమిస్ట్రీ స్టెమ్ జాబితాలో ఉంది కాబట్టి ఇంకో 24 నెలలు పొడిగించుకునే వీలుంది. వీసా నిబంధనలు తరచూ మారుతున్నాయి, తాజా సమాచారం చూసుకున్నాకే ముందుకెళ్లండి. అక్కడే డాక్టర్ కావొచ్చనే ఆశతో ఈ డిగ్రీ ఎంచుకునేవారు మాత్రం రెండుసార్లు ఆలోచించాలి. విదేశీయులకు సీటిచ్చే అమెరికా మెడికల్ స్కూళ్లు చాలా తక్కువ.

మన దేశంలో ఏమున్నాయి?

లిబరల్ ఆర్ట్స్ తరహా చదువు ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతోంది. సోనీపత్‌లోని అశోకా యూనివర్సిటీ, ఆంధ్రప్రదేశ్‌లోనే శ్రీసిటీలో ఉన్న క్రియా యూనివర్సిటీ ఈ పద్ధతిలో నడుస్తున్నాయి. ఫీజులు ఎక్కువే, కానీ అవసరాన్ని బట్టి సాయం ఉంది. కెమిస్ట్రీలో ఏ కోర్సులు, ఎందరు అధ్యాపకులు, ల్యాబ్ ఎలా ఉందో కనుక్కున్నాకే చేరాలి.

చిన్న క్లాసు, ముందుగానే పరిశోధన... ఈ రెండే మీకు ముఖ్యమైతే ప్రభుత్వ సంస్థలు తక్కువ ఖర్చులో మంచి దారి. తిరుపతితో సహా ఐసర్‌లలో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది, చివరి ఏడాది పరిశోధన ప్రాజెక్టుకే. బెంగళూరు ఐఐఎస్సీలో నాలుగేళ్ల బీఎస్ రీసెర్చ్, భువనేశ్వర్ నైసర్‌లో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉన్నాయి.

ఇప్పటికే డిగ్రీలో ఉంటే?

ఇది చదువుతున్నవారిలో చాలామంది ఇప్పటికే ఏదో కాలేజీలో బీఎస్సీ చేస్తుంటారు. ‘మాకు ఆ టైం దాటిపోయింది’ అనుకోవద్దు. ఆ కాలేజీల బలం భవనాల్లో లేదు, అలవాట్లలో ఉంది. ఆ అలవాట్లను ఇక్కడా తెచ్చుకోవచ్చు.

1. వేసవిని వదలొద్దు. మన సైన్స్ అకాడమీలు మూడూ కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తాయి. బెంగళూరు జేఎన్‌సీఏఎస్‌ఆర్‌కూ వేసవి కార్యక్రమాలున్నాయి. నోటిఫికేషన్లు సాధారణంగా అంతకుముందు ఏడాది చివర్లోనే వస్తాయి. మార్చిలో వెతికితే ఆలస్యమైపోయినట్టే.

2. మీ లెక్చరర్లలో పీహెచ్‌డీ చేసినవారెవరో కనుక్కోండి. ‘సార్, మీ పని గురించి చెబుతారా?’ అని అడగండి. రెఫరెన్స్ లెటర్‌లో మీ గురించి పేరా నిండా రాయగలవారు ఒక్కరైనా ఉండాలి.

3. ప్రతి ప్రయోగానికీ రికార్డు కాక సొంత నోట్‌బుక్ పెట్టుకోండి. ఏం చేశారు, ఏం అనుకున్నారు, ఏం వచ్చింది, తేడా ఎందుకు... నాలుగు వాక్యాలు చాలు. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సరుకు అదే.

4. నెలకో పరిశోధన పేపర్ చదివి ఒక పేజీ సారాంశం రాయండి. తెలుగులో అర్థం చేసుకుని ఇంగ్లిష్‌లో రాసినా ఫర్వాలేదు.

5. జామ్, సీపీగెట్, ఏపీ పీజీసెట్ లాంటి పీజీ పరీక్షల సన్నద్ధతను చివరి ఏడాదికి వాయిదా వేయొద్దు.

దరఖాస్తుకు ముందు... ఈ ప్రశ్నలు అడగండి

ఇంటర్ చదివే తమ్ముడో చెల్లో అమెరికా అంటుంటే వారికి ఈ జాబితా ఇవ్వండి. జవాబులు కాలేజీ అడ్మిషన్ ఆఫీసుకు, కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌కు మెయిల్ చేస్తే దొరుకుతాయి.

• కెమిస్ట్రీ ప్రోగ్రామ్‌కు అమెరికన్ కెమికల్ సొసైటీ ఆమోదం ఉందా?

• గత వేసవిలో ఎంతమంది డిగ్రీ విద్యార్థులు ల్యాబ్‌లో పనిచేశారు? విదేశీ విద్యార్థులకూ స్టైపెండ్ ఇచ్చారా?

• ఎన్‌ఎంఆర్ లాంటి పరికరాలను విద్యార్థులు స్వయంగా వాడతారా? ఏ ఏడాది నుంచి?

• ఆర్గానిక్ క్లాసులో ఎందరుంటారు? ల్యాబ్‌లో ఎందరు?

• గత ఐదేళ్లలో కెమిస్ట్రీ మేజర్లు ఎక్కడికి వెళ్లారు?

• ఆర్థిక సాయం నాలుగేళ్లూ కొనసాగుతుందా? ఫీజు పెరిగితే సాయమూ పెరుగుతుందా?

దరఖాస్తుల కాలక్రమం కూడా తెలిసుండాలి. ‘ఎర్లీ డెసిషన్’ గడువు సాధారణంగా నవంబరులో, ‘రెగ్యులర్’ గడువు జనవరి మొదట్లో ఉంటుంది. ఎర్లీ డెసిషన్‌లో సీటొస్తే చేరతామని ముందే మాట ఇచ్చినట్టు లెక్క. కాబట్టి కుటుంబం ఎంత కట్టగలదో తేల్చుకున్నాకే ఆ దారి ఎంచుకోవాలి. సాయం కోసం చాలా కాలేజీలు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఫారం అడుగుతాయి. అమ్మానాన్నల ఆదాయ పత్రాలు సిద్ధం చేయడానికే నెల పడుతుంది. మార్కుల జాబితా, వ్యాసాలతో పాటు లెక్చరర్ల సిఫార్సు లేఖలూ కావాలి. వాటి కోసం ఇంటర్ రెండో ఏడాది మొదట్లోనే అడగడం మంచిది.